సంపదలో వాటాదారు: జకాత్, వక్ఫ్, కంపెనీల సామాజిక బాధ్యత

(హకీం అబ్దుల్ హమీద్ స్మారకోపన్యాసం)



హకీం అబ్దుల్ హమీద్ గారి పేరు తెలుగునాట అందరికీ తెలియకపోవచ్చు. ఆయన నడిపిన సంస్థ తయారుచేసే రూహ్ అఫ్జా షర్బత్ మాత్రం రంజాన్ నెలలో కర్నూలు నుంచి కరీంనగర్ దాకా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కనిపిస్తుంది. 1906లో ఆయన తండ్రి హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ పాత ఢిల్లీలో ఒక చిన్న యునానీ దవాఖానా తెరిచారు. అదే హమ్‌దర్ద్. 1922లో తండ్రి కన్నుమూసేనాటికి అబ్దుల్ హమీద్ ఇంకా కుర్రవాడు. తల్లి రాబియా బేగం సంస్థ పడిపోకుండా నిలబెట్టారు. దేశ విభజన తరువాత తమ్ముడు హకీం మొహమ్మద్ సయీద్ కరాచీ వెళ్లి అక్కడ మరో హమ్‌దర్ద్ కట్టుకున్నారు. అన్న ఢిల్లీ విడిచి వెళ్లలేదు.

ఢిల్లీ ముస్లిం కుటుంబాలు చెల్లాచెదురైన రోజులవి. ఉన్నది కాపాడుకోవాలని ఎవరికైనా అనిపించే 1948లోనే ఆయన నడుస్తున్న వ్యాపారాన్ని వక్ఫ్‌గా ప్రకటించారు. మందుల ఫ్యాక్టరీ లాభం వైద్యానికి, చదువుకు, పరిశోధనకు వెళ్లే ఏర్పాటు చేశారు. ఆ సొమ్ముతోనే 1960లలో వైద్య చరిత్ర పరిశోధన సంస్థ, ఇస్లామీయ అధ్యయన సంస్థ, తిబ్బీ కళాశాల, నిజాముద్దీన్‌లో గాలిబ్ అకాడమీ వచ్చాయి. తరువాత ఆసుపత్రి, నర్సింగ్ కళాశాల, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం వచ్చాయి. 1989లో జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయ స్థాయి అందుకుంది. 1999లో తొంభయ్యేళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు. భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించిన ఆ మనిషి జీవితాంతం నిరాడంబరంగానే బతికారు.

మన పార్లమెంటు కంపెనీల సామాజిక బాధ్యతను (సి.ఎస్.ఆర్.) చట్టం చేసింది 2013లో. హకీం సాహెబ్ దానికి అరవై అయిదేళ్ల ముందే తన వ్యాపారాన్ని ఆ దారిలో పెట్టారు. అందుకే ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు ఈ రెండు సంప్రదాయాలను పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. ఒకటి పద్నాలుగు వందల ఏళ్ల ఇస్లామీయ దాన వ్యవస్థ. రెండోది పుష్కరం దాటిన మన సి.ఎస్.ఆర్. చట్టం. నేను చెప్పదలచుకున్నది ఒకే మాట: సమాజం బాగు కోసం వెచ్చించే డబ్బు ఏ దారిన వచ్చినా, దాని లెక్కను చివరికి పుచ్చుకునేవాడికే అప్పజెప్పాలి. ఇచ్చేవాడి తృప్తి దగ్గర ఆగిన దానం సగం పనే చేస్తుంది.

జకాత్ లెక్క

ఇస్లాం అయిదు మూలస్తంభాల్లో జకాత్ ఒకటి. నమాజు, ఉపవాసం లాగే అదీ విధి. బుద్ధి పుడితే చేసి, లేకుంటే మానేసే దానం కాదు. ఏడున్నర తులాల బంగారం, అంటే సుమారు 87 గ్రాములు, లేదా యాభై రెండున్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాములు, నిసాబ్ అని మన ప్రాంతంలో లెక్క. అంత విలువైన సొమ్ము అవసరాలు పోను ఒక చాంద్రమాన సంవత్సరం చేతిలో ఉంటే, ఆ మనిషి సాహెబె నిసాబ్. నలభైలో ఒక వంతు, అంటే రెండున్నర శాతం, తీసి ఇవ్వాలి. పంట మీద లెక్క వేరు. వాన మీద పండితే పదో వంతు, నీరు పెట్టి పండిస్తే ఇరవయ్యో వంతు. రైతు చేసిన ఖర్చునూ పడ్డ శ్రమనూ గుర్తించి రేటు తగ్గించిన పద్ధతి అది.

వ్యాపారి విషయంలో ఈ లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. దుకాణంలోని సరుకు, చేతిలోని నగదు, వసూలు కావలసిన బాకీలు కలిపి, తీర్చవలసిన అప్పులు తీసేసి, మిగిలినదాని మీద జకాత్ కట్టాలి. పనిముట్ల మీద, యంత్రాల మీద, దుకాణం కట్టడం మీద లేదు. పెట్టెలో పడుకున్న బంగారం ఏటేటా తరుగుతుంది; పని చేసే కుట్టుమిషన్ తరగదు. డబ్బు కదలాలి, పనిలోకి దిగాలి అన్న ఆలోచన ఆ నియమంలోనే ఉంది. దక్కన్‌లో ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయం వాడుకునే నగల మీద కూడా జకాత్ అడుగుతుంది. హైదరాబాద్ బార్కాస్‌లో స్థిరపడిన అరబ్బు కుటుంబాలు పాటించే షాఫయీ సంప్రదాయంలో మామూలుగా వాడే నగలకు మినహాయింపు ఉంది. హనఫీ ఇళ్లలో నగలు ఆడవాళ్ల సొంతం కాబట్టి జకాత్ బాధ్యతా వాళ్లదే. మన ఊళ్లలో జకాత్ ఇచ్చేవాళ్లలో గృహిణులు ఎందరో ఉన్నారు. ఆ డబ్బు ఎలా ఖర్చు కావాలో తేల్చే కమిటీల్లో మాత్రం వాళ్లకు చోటు ఉండటం అరుదు.

జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ తొమ్మిదో అధ్యాయం ఎనిమిది వర్గాలుగా చెప్పింది: నిరుపేదలు, ఏమీ లేనివాళ్లు, జకాత్ వసూలు చేసి పంచే ఉద్యోగులు, మనసు దగ్గర చేసుకోవలసినవాళ్లు, బానిసత్వం నుంచి విడిపించవలసినవాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు, దైవమార్గంలో ఉన్నవాళ్లు, దారిలో చిక్కుబడ్డ బాటసారులు. పాలకుడి ఇష్టానికి, దాత ఇష్టానికి వదిలిపెట్టకుండా వాటాదార్లను ముందే పేర్కొన్న జాబితా ఇది. సంపన్నుడి సొమ్ములో అడిగేవాడికీ, నోరు తెరిచి అడగలేనివాడికీ హక్కు ఉందన్న భావన ఖురాన్‌లో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ దృష్టితో చూస్తే జకాత్ ఇచ్చేవాడు తన వద్ద ఉన్న ఇంకొకరి సొమ్మును వాళ్లకు చేరుస్తున్నాడు.

ఇందులో ఒక నియమాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. హనఫీ పండితుల ప్రకారం జకాత్ సొమ్ముకు పుచ్చుకునేవాడు పూర్తి యజమాని కావాలి. దీన్ని తమ్లీక్ అంటారు. అందుకే జకాత్‌తో మసీదు కట్టరు, బడి భవనం కట్టరు, రోడ్డు వేయరు. అది మనిషి చేతికి చేరాలి. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో ఆ మనిషే నిర్ణయించుకోవాలి. పేదవాడికి తన అవసరం తనకు తెలుసన్న నమ్మకం ఈ నియమానికి పునాది.

నిలిచి ఉండే దానం

మరి బడి ఎవరు కట్టాలి? ఆసుపత్రి ఎవరు కట్టాలి? దానికి వక్ఫ్ ఉంది. ఖైబర్‌లో తనకు దక్కిన మంచి భూమిని ఏం చేయమంటారని ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ అడిగితే, అసలును అలాగే నిలిపి ఫలాన్ని పంచమని ప్రవక్త సూచించినట్టు హదీసు గ్రంథాలు చెబుతాయి. ఆ భూమిని అమ్మకూడదు, కానుకగా ఇవ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని రాబడి పేదలకు, బంధువులకు, బాటసారులకు వెళ్లాలి. వక్ఫ్ వ్యవస్థకు మూలం ఇదే. ఒట్టోమన్ కాలంలో, 1552లో జెరూసలేంలో వెలసిన హసెకి సుల్తాన్ అన్నసత్రం వక్ఫ్ గ్రామాల రాబడితో శతాబ్దాల పాటు నడిచింది.

మన దేశంలో హుగ్లీకి చెందిన హాజీ మొహమ్మద్ మొహ్సిన్ కథ తెలుసుకోదగ్గది. అక్క నుంచి తనకు సంక్రమించిన పెద్ద ఎస్టేటును ఆయన 1806లో వక్ఫ్ చేశారు. ఆ నిధితో 1836లో హుగ్లీ కళాశాల మొదలైంది. బంకించంద్ర చటర్జీ చదివింది అక్కడే. తరువాత ఒక ప్రశ్న లేచింది. ఒక ముస్లిం దాత నిధితో నడిచే కళాశాలలో ముస్లిం విద్యార్థులే తక్కువగా ఉన్నారేమిటని అడిగారు. 1873లో ప్రభుత్వం ఆ నిధిని ముస్లింల విద్యకు, ఉపకార వేతనాలకు మళ్లించింది. అన్ని మతాల పిల్లలూ చదివిన కళాశాల మంచిదే. నిధిలో తమ వాటా ఏదని అడిగినవాళ్ల ప్రశ్నా న్యాయమైనదే. దాత సంకల్పం, ప్రజల మేలు, వెనకబడినవాళ్ల హక్కు, ఈ మూడింటినీ కలిపి చూడకపోతే ఏదో ఒకటి నలిగిపోతుందని ఆ చరిత్ర నేర్పుతుంది.

హైదరాబాద్‌లో వక్ఫ్ గుర్తులు కళ్ల ముందే ఉన్నాయి. పత్తర్‌గట్టీ దగ్గరి మదీనా బిల్డింగ్ కింద రోజూ వేలమంది నడుస్తారు. దాని దుకాణాల అద్దె మదీనా నగరంలోని పేదలకు చేరాలన్న సంకల్పంతో ఒక వ్యాపార కుటుంబం కట్టించిన వక్ఫ్ అది. మక్కాలో నిజాంల కాలం నాటి రుబాత్, అంటే యాత్రికుల వసతి గృహం, ఉంది. పాత హైదరాబాద్ రాజ్యానికి చెందిన జిల్లాల హజ్ యాత్రికులకు అక్కడ ఉచిత బస దొరుకుతూ వచ్చింది. తెలంగాణ వాళ్లతో పాటు ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్న పాత జిల్లాల వాళ్లకూ అందులో చోటుంది. రాజ్యం పోయినా, సరిహద్దులు మారినా వక్ఫ్ తన మాట నిలబెట్టుకుంది.

అన్ని వక్ఫ్‌లకూ అంత అదృష్టం దక్కలేదు. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ చెప్పిన లెక్క ఇది: దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, విస్తీర్ణం 6 లక్షల ఎకరాలు, మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలు. వాటి మీద ఏడాదికి వస్తున్న ఆదాయం 163 కోట్లు. పది శాతం రాబడి వచ్చినా ఏటా 12 వేల కోట్లు వస్తాయని ఆ కమిటీయే చెప్పింది. ఆక్రమణలు, దశాబ్దాల కిందటి నామమాత్రపు అద్దెలు, లెక్కలు చూపని ముతవల్లీలు (వక్ఫ్ నిర్వాహకులు), సిబ్బంది లేని బోర్డులు, ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యాలు ఆ సంపదను తినేశాయి. తాతలు పేదల కోసం వదిలిన ఆస్తి చవక అద్దెకు ఎవరి చేతిలోనో ఉంటే, నష్టపోతున్నది మనం చూడని ఒక పిల్లవాడి చదువు, ఒక రోగి మందు.

చట్టం చెప్పిన రెండు శాతం

ఇక రెండో దారి చూద్దాం. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. సగటున 50 కోట్లు లాభం వచ్చిన కంపెనీకి అది ఏటా కోటి రూపాయలు. ఏ పనులకు ఖర్చు చేయవచ్చో ఏడో షెడ్యూలు చెబుతుంది: ఆకలి, ఆరోగ్యం, విద్య, స్త్రీల స్వావలంబన, పర్యావరణం, వారసత్వ కట్టడాలు, గ్రామాభివృద్ధి వగైరా. 2014-15లో కంపెనీలు సుమారు 10 వేల కోట్లు ఖర్చు చేస్తే, 2022-23 నాటికి అది దాదాపు 30 వేల కోట్లకు పెరిగింది.

ఈ చట్టంలో మెచ్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. మారథాన్ పరుగులు, అవార్డు సభలు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ వంటివి సామాజిక బాధ్యత కింద రావని ప్రభుత్వం 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసేవి, రాజకీయ పార్టీలకు ఇచ్చేవి లెక్కలోకి రావు. ఈ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికీ వీల్లేదు. 2021 సవరణల తరువాత ఖర్చు కాని సొమ్మును ప్రత్యేక ఖాతాలోనో, ప్రభుత్వం పేర్కొన్న నిధిలోనో వేయాలి, లేకుంటే జరిమానా. పాలనా ఖర్చు అయిదు శాతం దాటకూడదు. సగటున 10 కోట్లు, అంతకు మించి ఖర్చు చేయవలసిన కంపెనీలు, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల ఫలితాన్ని బయటి సంస్థతో అంచనా వేయించాలి. ఇంత స్పష్టమైన బహిరంగ లెక్క మన మత సంస్థల్లో ఎన్నింటికి ఉంది? ఈ ప్రశ్న అన్ని మతాలవాళ్లూ వేసుకోవలసిందే.

లోపాలూ ఉన్నాయి. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెప్పింది. పరిశ్రమలు ఎక్కడ ఎక్కువో డబ్బూ అక్కడే ఎక్కువ పోగవుతోంది. మహారాష్ట్రకు దక్కేదానితో పోలిస్తే ఈశాన్య రాష్ట్రాలకు దక్కేది చాలా కొద్ది. ఒకే నగరంలోనూ ఇదే తీరు. హైటెక్ సిటీలో కార్యాలయమున్న కంపెనీ స్థానిక ప్రాంతం గచ్చిబౌలి దగ్గర ఆగిపోతుందా, పాతబస్తీలోని తలాబ్‌కట్ట దాకా వస్తుందా? ఆ నిర్ణయం బోర్డు గదిలో జరుగుతుంది. ఆ గదిలో తలాబ్‌కట్ట మనిషి ఉండడు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. లాభంలో రెండు శాతం ఎలా ఖర్చయిందని చట్టం అడుగుతుంది. మిగిలిన తొంభై ఎనిమిది శాతం ఎలా వచ్చిందని ఈ సెక్షన్ అడగదు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల వాగులు, చెరువులు పారిశ్రామిక వ్యర్థాలతో ఎలా పాడయ్యాయో మనందరికీ తెలుసు. ఊరి నీళ్లు పాడు చేసి, అదే ఊళ్లో మంచినీటి యంత్రం పెట్టి బోర్డు తగిలిస్తే అది సేవ కాదు. అక్రమార్జనతో చేసిన దానం దేవుడి దగ్గర చెల్లదని ఇస్లామీయ ధర్మం మొదటి మెట్టులోనే చెబుతుంది. సంపాదన శుభ్రంగా ఉంటేనే దానం గురించి మాట. ఈ పాఠం మన కంపెనీలు జకాత్ సంప్రదాయం నుంచి తీసుకోవాలి.

కలపకూడనివి, జోడించవలసినవి

కొందరు ముస్లిం వ్యాపారులకు ఒక సందేహం ఉంటుంది. మా కంపెనీ రెండు శాతం కడుతోంది కదా, దాన్ని జకాత్‌గా లెక్కవేసుకోవచ్చా అని. వీల్లేదనే చెప్పాలి. సి.ఎస్.ఆర్. కంపెనీ మీద ప్రభుత్వం పెట్టిన బాధ్యత. జకాత్ విశ్వాసి చేయవలసిన ఆరాధన. దానికి నియ్యత్, అంటే సంకల్పం, కావాలి. ఒకటి లాభం మీద లెక్క, మరొకటి సంపద మీద. వరుసగా నష్టం వచ్చిన కంపెనీకి ఆ రెండు శాతం ఉండదు. నష్టం వచ్చినా నిసాబ్‌కు మించి సరుకున్న వ్యాపారికి జకాత్ తప్పదు. కంపెనీ సొమ్ము మత భేదం లేకుండా ప్రజలందరి కోసం. జకాత్‌ను అధిక సంఖ్యాక పండితులు పేద ముస్లింలకే పరిమితం చేస్తారు. అయితే సదఖాకు, అంటే ఐచ్ఛిక దానానికి, ఆ హద్దు లేదు. అన్నం, మందు, చదువు ఏ మతం వాళ్లకైనా సదఖా నుంచి ఇవ్వవచ్చు.

జకాత్, వక్ఫ్, సి.ఎస్.ఆర్., ఈ మూడు సొమ్ముల స్వభావాలూ వేరు కాబట్టి పనులూ వేరుగా ఉండాలి. మనిషికి కావలసింది జకాత్ ఇవ్వాలి, సంస్థకు కావలసింది వక్ఫ్ ఇవ్వాలి, పథకానికి కావలసింది కంపెనీ ఇవ్వాలి. ఒక ఆటో డ్రైవర్ కుటుంబాన్ని ఊహించండి. భార్య ఆపరేషన్ కోసం వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తి మీద ఉంది. ఆ అప్పు తీర్చడం ఏ కంపెనీ కమిటీ ముందైనా పెట్టగల ప్రాజెక్టు కాదు. జకాత్‌కు మాత్రం అది ఎనిమిది వర్గాల్లో పేరు పెట్టి చెప్పిన పని. అదే బస్తీలో డయాలసిస్ యంత్రం కావాలనుకుందాం. జకాత్‌తో కొనడానికి తమ్లీక్ అడ్డు వస్తుంది. కంపెనీకి అది తేలిక. ఆ యంత్రం పెట్టడానికి స్థలం, ఏటేటా టెక్నీషియన్ జీతం వక్ఫ్ అద్దెల నుంచి రావచ్చు. ఒకే వీధిలో మూడు నిధులు మూడు పనులు చేస్తాయి. లెక్కల పుస్తకాలు మాత్రం మూడూ వేరుగా ఉండాలి. ఒకదాని లోటు మరోదానితో పూడిస్తే మూడింటి మీదా నమ్మకం పోతుంది.

బయటి అనుభవాలు

ఇతర దేశాలు ఈ దారిలో చాలా ప్రయత్నాలు చేశాయి. మలేసియాలో రాష్ట్ర మతమండళ్లు జకాత్ వసూలు చేస్తాయి. వ్యక్తి కట్టిన జకాత్‌ను అతని ఆదాయపు పన్నులో పూర్తిగా తగ్గిస్తారు; కంపెనీలకు పరిమితమైన మినహాయింపు ఉంది. అక్కడి ప్రభుత్వ రంగ సంస్థ జొహోర్ కార్పొరేషన్ 2006లో తన అనుబంధ కంపెనీల వాటాలు కొన్నిటిని వక్ఫ్ చేసింది. భూమికి బదులు షేర్లే వక్ఫ్ ఆస్తి, డివిడెండే ఫలం. ఆ ఏర్పాటు కింద నడిచే వక్ఫ్ అన్నూర్ క్లినిక్‌లు నామమాత్రంగా అయిదు రింగిట్‌లు తీసుకుని, మతంతో పని లేకుండా వైద్యం చేస్తూ వచ్చాయి. హకీం సాహెబ్ 1948లో చేసిన పనికి ఇది కొత్త కాలపు రూపం.

ఇండోనేసియాలో 1993లో రిపబ్లికా పత్రిక విలేకరులు, పాఠకులు కలిసి దోంపెట్ దువాఫా అనే నిధి మొదలుపెట్టారు. పత్రిక ద్వారా వచ్చిన నిధి కాబట్టి లెక్క పాఠకులకు చెప్పక తప్పని పరిస్థితి మొదటి నుంచీ ఉంది. ఆసుపత్రులు, బడులు నడిపే పెద్ద సంస్థగా అది ఎదిగింది. పాకిస్తాన్‌లో 2001లో మొదలైన అఖువత్ వడ్డీ లేని చిన్న అప్పులు, అంటే కర్జె హసనా, మసీదుల్లో కూర్చుని ఇస్తుంది. చర్చిల్లోనూ ఇచ్చింది. అదే దేశంలో 1980 నాటి ఆర్డినెన్సు బ్యాంకు ఖాతాల నుంచి జకాత్‌ను నేరుగా కోసేసే పద్ధతి తెచ్చింది. కోత పడే రంజాన్ మొదటి తేదీకి ముందే డబ్బు తీసేసుకునే అలవాటు జనంలో పెరిగింది. ధర్మబద్ధమైన విధి అయినా, నమ్మకం లేని చోట బలవంతం పనిచేయలేదు.

ఒక విషాదాన్ని కూడా గుర్తుచేయాలి. 2008 సెప్టెంబరులో తూర్పు జావాలోని పసురువాన్‌లో ఒక సంపన్నుడి ఇంటి దగ్గర జకాత్ పంచుతున్నారు. మనిషికి 30 వేల రుపియాలు, అప్పటి లెక్కలో సుమారు మూడు డాలర్లు. తొక్కిసలాటలో 21 మంది స్త్రీలు చనిపోయారు. మూడు డాలర్ల కోసం ప్రాణాలు పోగొట్టుకునేంత పేదరికం ఒక వైపు. వాళ్లను వరుసలో నిలబెట్టి ఇస్తే తప్ప దానం జరిగినట్టు కాదన్న అలవాటు మరో వైపు. రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత మేలని ఖురాన్ చెప్పింది కదా. ఆ మాట పాటించి ఇంటికి చేర్చి ఉంటే ఆ స్త్రీలు బతికేవారు.

మన బస్తీల్లో, మన ఊళ్లలో

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. రంజాన్‌లో మన పట్టణాల్లో జకాత్ ఎలా కదులుతుందో చూస్తున్నాం. మసీదుల ముందు చిల్లర నోట్లు, దుకాణాల ముందు వరుసలు, మదరసాల తరఫున రసీదు పుస్తకాలతో తిరిగే సఫీర్లు, గల్ఫ్ నుంచి అన్నదమ్ములు పంపిన డబ్బు. ఇచ్చేవాళ్లకు చిత్తశుద్ధి ఉంది. అయితే వందమందికి పంచిన పదివేలు వందమందిలో ఒక్కరి స్థితినీ మార్చదు. మళ్లీ ఏడాది అదే మనుషులు, అదే వరుస. పనివాడికి పనిముట్టు కొనుక్కునేంత, వ్యాపారికి పెట్టుబడి పెట్టుకునేంత ఇవ్వాలని షాఫయీ పండితులు ఏనాడో రాశారు. ఒకేసారి నిసాబ్‌కు మించి ఇవ్వడానికి వెనుకాడే హనఫీ పండితులు కూడా అప్పున్నవాడికీ, పెద్ద కుటుంబమున్నవాడికీ మినహాయింపు ఇచ్చారు. ఇచ్చే చేయి పెద్దదైతే పుచ్చుకునే చేయి మళ్లీ చాచవలసిన అవసరం ఉండదన్నది రెండు దారుల వాళ్లకూ తెలుసు.

అప్పు అనగానే తెలుగువాళ్లకు 2010 గుర్తుకు వస్తుంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు, ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు. చట్టం వసూళ్లను ఆపగలిగింది. పేదవాడి అవసరాన్ని ఆపలేదు. ఆసుపత్రి ఖర్చు, కూతురి పెళ్లి, బండి మరమ్మతు, ఇవన్నీ మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మం దగ్గరకే తీసుకెళ్తాయి. జకాత్ ఎనిమిది వర్గాల్లో మనం అందరికన్నా తక్కువగా పట్టించుకున్నది ఈ అప్పులపాలైనవాళ్లనే. వాళ్లు చేయి చాచరు. కుట్టుపని చేస్తూ, పండ్ల బండి తోస్తూ వారంవారం వడ్డీ కడుతుంటారు. అడగలేనివాడి హక్కు అన్నది అచ్చంగా వీళ్ల గురించే.

ఏం చేయవచ్చు? మంచి ఉదాహరణలు మన దగ్గర లేకపోలేదు. హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ వంటి సంస్థలు జకాత్‌ను చదువు వైపు, స్వయం ఉపాధి వైపు మళ్లించాయి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో స్థాపించిన ఉస్మానియా కళాశాల దాతల సాయంతో మొదలై కరువు సీమలో తరతరాల విద్యార్థులను చదివించింది. ఆ దారిలో నాలుగు పనులు ప్రతి పట్టణంలో మొదలుపెట్టవచ్చు.

మొదటిది, మొహల్లా స్థాయి బైతుల్ మాల్. కుటుంబాల వివరాలు గోప్యంగా ఉంచి, ఏడాది పొడవునా పనిచేసే నిధి. ఒక ఏడాది ఇరవై కుటుంబాలను తీసుకుని, అప్పు తీర్చి, చేతికి పని ఇచ్చి, మళ్లీ జకాత్ అవసరం లేని స్థితికి చేర్చాలి. ఎంత వసూలైంది అన్నది ఒక లెక్క; ఎన్ని కుటుంబాలు జాబితా నుంచి బయటపడ్డాయి అన్నది అసలు లెక్క. ఆ కమిటీలో ఆడవాళ్లు సగమైనా ఉండాలి.

రెండోది, ప్రతి వక్ఫ్ ఆస్తి అద్దె ఎంత, ఎవరికి ఇచ్చారు, ఆ సొమ్ముతో ఏం చేశారు అన్నది మసీదు గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టడం. కంపెనీలు తమ సి.ఎస్.ఆర్. విధానాన్ని, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను వెబ్‌సైట్‌లో పెట్టక తప్పదు. దేవుడి పేరిట ఉన్న ఆస్తికి అంతకన్నా తక్కువ జవాబుదారీతనం ఉండకూడదు.

మూడోది కంపెనీలకు. స్థానిక ప్రాంతం అంటే మీ గేటు బయటి నాలుగు వీధులని అర్థం చేసుకోకండి. మీ క్యాబ్ నడిపేవాళ్లు, మీ క్యాంటీన్ వంటవాళ్లు, మీ భవనం ఊడ్చేవాళ్లు ఏ బస్తీల నుంచి వస్తున్నారో చూడండి. అదే మీ స్థానిక ప్రాంతం. ఫలితాల అంచనా వేసేటప్పుడు ఆ బస్తీ మనుషులను ముందుగా అడగండి. వాళ్ల జవాబును నివేదికలో ఉన్నదున్నట్టు అచ్చువేయండి.

నాలుగోది అందరికీ. పుచ్చుకునేవాళ్ల ఫొటోలు తీయడం ఆపుదాం. బియ్యం సంచి పట్టుకున్న వితంతువు ముఖం పేపర్లో, వాట్సాప్‌లో తిరుగుతుంటే ఆమె పిల్లలు రేపు బడికి ఎలా వెళ్తారు? రసీదు, బ్యాంకు వివరం, ఆడిట్ చాలు. తన వాటా తాను తీసుకున్న మనిషికి సాక్ష్యంగా మొహం చూపించవలసిన పని లేదు.

హకీం అబ్దుల్ హమీద్ గారికి రెండు శాతం చట్టం లేదు, ప్రచారం అక్కరలేదు. తన ఫ్యాక్టరీకి సొంతదారు తానన్న ఆలోచననే ఆయన వదులుకున్నారు. అందరూ అంత దూరం వెళ్లలేరు. వెళ్లమని ఎవరూ అడగడం లేదు. అయితే ప్రతి సాహెబె నిసాబ్, ప్రతి ముతవల్లీ, ప్రతి కంపెనీ బోర్డు సభ్యుడు ఏడాదికి ఒక్కసారి తన లెక్కల పుస్తకం తీసుకుని, ఆ సొమ్ము ఎవరి కోసం కేటాయించారో వాళ్ల మధ్య కూర్చుని చదివి వినిపించవచ్చు. తప్పుంటే వాళ్లే చెబుతారు, మేలు జరిగితే వాళ్లే సాక్ష్యమిస్తారు. వచ్చే రంజాన్ నుంచి మన ఊళ్లలో కనీసం ఒక మొహల్లాలోనైనా ఆ పని మొదలవ్వాలని కోరుతున్నాను. ఈ సభలో ఉన్న మనమే మొదలుపెడదాం.